పాల లారీ: సెల్ఫు తిరుగుతుంది, ఇంజను అందుకోదు

ఆళ్లగడ్డ వైపు గ్రామాల పాలు నంద్యాలకు చేరాలంటే సుమారు నలభై కిలోమీటర్ల దారి. అహోబిలం, రుద్రవరం వైపు లోపలి పల్లెల నుంచి బయలుదేరే బండికి ఇంకా ఎక్కువే. 18వ నెంబరు జాతీయ రహదారిగా మనకు తెలిసిన ఈ దారి ఇప్పుడు 40వ నెంబరు రహదారి అయింది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా కేంద్రమూ అయింది. రోడ్డు బాగుపడింది, బండ్లు మారాయి. కాని క్యాన్లు ఎక్కించుకున్న లారీ సంఘం ముందు కదలక నిలబడితే లోపల పాలు మనకోసం ఆగవు, పులుస్తూనే ఉంటాయి.

లారీ సంగతి డ్రైవరు చూసుకుంటాడు, సభ్యులకెందుకు అని అడగవచ్చు. డెయిరీలో తూకం వేసి, పరీక్ష చేసి దించుకునే దాకా ఆ పాల బాగోగులు మనవే. పులిసిన క్యాను తిరిగి వచ్చిందంటే ఆ నష్టం ముందు సంఘం లెక్కలోకి, ఆ తర్వాత సభ్యుల బట్వాడాలోకి దిగుతుంది. పైగా బండి నిలిచిన చోట పదిమంది చేరి పది మాటలు చెబుతారు. వాటిలో ఏది పనికివస్తుందో, ఏది బండిని మరింత చెడగొడుతుందో కనీసం అధ్యక్షునికి, కార్యదర్శికి తెలిసి ఉండడం మంచిదని మా ఉద్దేశం.

ముందు ఇంజను పని చేసే తీరు చూద్దాం. పెట్రోలు బండిలో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిలు ఇంజనుకు రవ్వ లేదు. సిలిండరులోకి పీల్చిన గాలిని పిస్టను సుమారు పదిహేడవ వంతుకు నొక్కుతుంది. సైకిలు పంపు గట్టిగా కొడితే అడుగున వేడెక్కడం మనందరికీ తెలుసు. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ నుంచి డీజిలు సన్నని తుంపరగా పడి తానే అంటుకుంటుంది. కనుక ఇంజను అందుకోవాలంటే తగినంత వేగంగా తిరగాలి, గాలి బాగా నలగాలి, డీజిలు వేళకు పడాలి. ఈ మూడింటిలో ఏది తప్పిందో కనుక్కోవడమే పని అంతా.

మొదటి పరీక్ష చెవితో. సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను చురుగ్గా తిరుగుతోందా, లేక బరువుగా, మూలుగుతూ తిరుగుతోందా? బరువుగా తిరిగి, హెడ్ లైట్లు పూర్తిగా మందగిస్తే అది బాటరీ లోపం, లేదా టెర్మినళ్లకు పట్టిన తెల్లటి తుప్పు. టెర్మినళ్లు గీకి, బిగించి చూడాలి. నెమ్మదిగా తిరిగే ఇంజనులో గాలి తగినంత వేడెక్కదు. డీజిలు వ్యవస్థ అంతా సవ్యంగా ఉన్నా అందుకోదు. ఇటువంటి బండికి తోపుడు పనికివస్తుంది. సెల్ఫు చురుగ్గా తిరుగుతూ కూడా ఇంజను అందుకోకపోతే మాత్రం తోయడం దండగ. తోపుడు చేసేది సెల్ఫు చేసే పనినే. ఆ పని ఇప్పటికే జరుగుతున్నప్పుడు, నిండు క్యాన్ల లారీని పదిమంది రొప్పుతూ తోసి సాధించేది నడుము నొప్పి మాత్రమే.

రెండవ పరీక్ష కంటితో. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఒకరు సెల్ఫు కొడుతుండగా మరొకరు సైలెన్సరు గొట్టం దగ్గర నిలబడి చూడాలి. తెల్లటి పొగ వస్తున్నదంటే డీజిలు సిలిండరులోకి చేరుతోంది, కాని మండడం లేదు. పొగ అసలు రాకపోతే డీజిలే చేరడం లేదు. ఈ ఒక్క చూపుతో సగం అనుమానాలు తీరిపోతాయి. అయినా చాలామంది దీన్ని చూడకుండానే స్పానరు పట్టుకుంటారు.

సెల్ఫును పది పదిహేను సెకన్లకు మించి ఒకేసారి కొట్టరాదు. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆపాలి. ఆత్రంతో కొడుతూ పోతే సెల్ఫు మోటారు వేడెక్కి కాలుతుంది, బాటరీ దిగిపోతుంది. అప్పుడు ఒక రోగం రెండవుతుంది.

పొగ రావడం లేదనుకుందాం. మొదట టాంకు మూత తీసి పుల్ల వేసి చూడాలి. ముల్లు చూపిందని నమ్మరాదు, పాత బండ్లలో అది అబద్ధం ఆడుతుంది. మూత తీసేటప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోతే, మూతకున్న గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయిందని అర్థం. మన నల్లరేగడి దారుల్లో ఇది సహజం. తర్వాత స్టాపు తీగ. పాత లారీలలో ఇంజను ఆపడానికి పిడి లాగుతారు, అది పంపు మీది లీవరును మూసివేస్తుంది. పిడిని లోపలికి తోసినా తీగ తుప్పుతో పట్టేసి లీవరు తిరిగి రాకపోవచ్చు. క్యాబిన్లో కూర్చున్నవారికి ఇది కనబడదు. పంపు దగ్గరకు పోయి లీవరును చేతితో కదిలించి చూడాలి. తీగకు బదులు కరెంటు సోలనాయిడు ఉన్న బండిలో తాళం తిప్పగానే టక్కుమని చప్పుడు రావాలి. రాకపోతే దాని ఫ్యూజు, తీగలు చూడాలి.

ఇవన్నీ సరిగా ఉంటే మిగిలేది ఫిల్టరు పూడిక, లేదా గాలి పట్టడం. గాలి పట్టడమంటే ఏమిటో రైతులకు వివరించనక్కరలేదు. కాలవ మీద పెట్టిన ఆయిలింజను పంపు పీల్చు గొట్టానికి చిన్న పగులు ఉంటే ఎంత తిప్పినా నీరు ఎక్కదు. నీళ్లు పోసి గాలి వెళ్లగొడితేనే ఎక్కుతుంది. లారీలోనూ అంతే. టాంకు నుంచి ఫీడు పంపు దాకా డీజిలును పీల్చే గొట్టం ఉంటుంది. ఆ తర్వాతది నెట్టే గొట్టం. నెట్టే వైపు పగిలితే డీజిలు బయటికి కారి కనబడుతుంది. పీల్చే వైపు పగిలితే ఇంజను తిరిగేటప్పుడు చుక్క కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. అందుకే ఎక్కడా కారడం లేదు కదా అన్న మాటకు విలువ తక్కువ. రబ్బరు గొట్టం వంపులను, క్లిప్పులను, రాగి వాషర్లను ఒక్కొక్కటిగా తడిమి చూడాలి. నలిగిన పాత వాషరునే మళ్లీ వేసి బిగించడం ఈ లోపానికి తరచు కారణం.

గాలి తీసే పద్ధతి ఇది. ఫిల్టరు మీది బ్లీడు స్క్రూను కొంచెం వదులు చేసి ఫీడు పంపుకున్న చేతి పంపును కొట్టాలి. మొదట నురుగు వస్తుంది, పొదుగు కింద చెంబులో నురుగులాగే. నురుగు పోయి బుడగ లేని డీజిలు ధార వచ్చేదాకా కొట్టి, కొడుతూనే స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర అదే పని చేయాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్లకు పోయే పైపుల నట్లను అర చుట్టు వదులు చేసి సెల్ఫు కొట్టి, డీజిలు ఎగజిమ్మిన వెంటనే ఒక్కొక్కటి బిగించాలి. ఇది డ్రైవరో మేస్త్రీయో చేయవలసిన పని. పైపు దగ్గర చేతులు, ముఖం పెట్టరాదు. ఆ ఒత్తిడిలో సన్నని ధార చర్మంలోకి దిగగలదు. అలా దిగితే గాయం చిన్నదిగా కనబడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. దగ్గర్లో బీడీ వెలిగించరాదని వేరే చెప్పాలా!

చేతి పంపు ఎంత కొట్టినా ధార రాకపోతే ఫిల్టరు పూడిందనో, టాంకు జాలీకి చెత్త అడ్డం పడిందనో అనుకోవాలి. ఫిల్టరు అడుగున నీరు వదిలే స్క్రూ ఉంటుంది. కొంచెం గాజు సీసాలోకి వదిలి చూడండి. పాలలో నీళ్లు కలిస్తే లాక్టోమీటరు కావాలి. డీజిలులో నీళ్లు పట్టుకోవడానికి సీసా చాలు, నీరు బరువు గనుక అడుగున వేరుగా నిలుస్తుంది. వానాకాలంలో డబ్బాలలో తెచ్చి పోసుకునే డీజిలుతో ఈ బెడద ఎక్కువ.

తెల్లటి పొగ వస్తూ అందుకోకపోతే దారి వేరు. డీజిలులో నీరు, మూసుకుపోయిన గాలి ఫిల్టరు, నాజిళ్ల అరుగుదల, వాల్వులు, రింగులు, టైమింగు, వీటిలో ఏదో ఒకటి. గాలి ఫిల్టరును విప్పి దులపడం, ఫిల్టరు అడుగు నీరు వదలడం మన చేతిలో పని. మిగతావి రోడ్డు పక్కన తేలవు. ఇటువంటప్పుడు గాలి గొట్టం ముందు మండే గుడ్డ పట్టడం, ఈథరు వంటివి చల్లడం కొందరు చేస్తారు. మంటలు లేస్తాయి, పిస్టన్లు పగులుతాయి. దయచేసి చేయనివ్వకండి.

కొత్త బండ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బి.ఎస్.-6 ప్రమాణాల బండ్లే కొత్తగా రిజిస్టరు అవుతున్నాయి. వీటిలో కామన్ రైలు పద్ధతి డీజిలు బండ్లకు సాధారణం. లారీ టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు ఏడెనిమిది కిలోల ఒత్తిడితో ఉంటే, ఆ రైలులో డీజిలు వెయ్యి కిలోలు దాటిన ఒత్తిడితో ఉంటుంది. పాత బండి అలవాటుతో నాజిల్ నట్లు వదులు చేయడం ఇక్కడ ప్రాణాపాయం. తాళం తిప్పినప్పుడు వెలిగిన దీపాలలో ఏది ఆరలేదో చూడండి. ఇంజను గుర్తా, తాళం గుర్తా, డీజిలులో నీటి గుర్తా? ఫ్యూజులు చూడండి. సెల్ఫు తిరుగుతుండగా ఇంజను వేగం చూపే ముల్లు కొంచెమైనా కదలకపోతే క్రాంకు సెన్సారు మీద అనుమానం పెట్టుకోవచ్చు. అంతకు మించి స్కానరు ఉన్న మేస్త్రీ రావలసిందే.

ఇక పాల సంగతి. మన ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. పిండిన పాల వెచ్చదనంలో కొన్ని సూక్ష్మజీవులు అరగంటలోపే రెట్టింపవుతాయి. ఆ లెక్కన మూడు గంటలలో ఒకటి అరవై నాలుగు అవుతుంది. కాబట్టి బండి నిలిచిన వెంటనే గడియారం చూసి వేళ రాసుకోండి. పైన చెప్పిన పరీక్షలకు అరగంట చాలు. అరగంటలో తేలకపోతే మరమ్మతు సాగుతూనే ఉండగా పాలకు వేరే దారి చూడాలని మా సలహా. డెయిరీ రవాణా విభాగానికి ఫోను చేయడం, వెనక వచ్చే రూటు బండిలోకి క్యాన్లు మార్చడం, దగ్గరలో శీతలీకరణ కేంద్రమో బల్కు కూలరో ఉంటే అక్కడ దించడం. బండి వచ్చేదాకా క్యాన్లను నీడన పెట్టి తడి గోనెలు కప్పండి, మూతలు మాటిమాటికి తీయకండి. చల్లబరచిన పాలతో నిండిన ఇన్సులేటెడ్ టాంకరైతే వేడి అంత త్వరగా ఎక్కదు, కొంత వ్యవధి ఉంటుంది.

అనుమానమున్న క్యాను పాలను కొంచెం పరీక్ష నాళికలో కాచి చూడండి. విరిగితే ఆ క్యానును వేరు చేయండి. ఒక్క క్యాను పులుపు కలిస్తే టాంకు మొత్తం పోతుంది. పులుపు కప్పిపుచ్చడానికి సోడా కలపడం కల్తీ కిందికి వస్తుంది, డెయిరీ పరీక్షలో దొరుకుతుంది, సంఘం పేరు పోతుంది. ఆలస్యపు నష్టం ఎవరు భరించాలో రవాణా ఒప్పందంలో రాసి ఉందో లేదో వచ్చే పాలకవర్గ సమావేశంలో ఒకసారి చదివించండి. ఆ రోజు మీరు రాసుకున్న వేళలు అప్పుడు సాక్ష్యమవుతాయి.

మేస్త్రీకి ఫోను చేసేటప్పుడు బండి స్టార్టు కావడం లేదు అని ఊరుకోక, సెల్ఫు చురుగ్గా తిరుగుతోందా, పొగ వస్తోందా, వస్తే ఏ రంగు, చేతి పంపు కొడితే నురుగా, ధారా, ఏ దీపం ఆరలేదు, బండి ఏ సంవత్సరపుది అన్నవి చెప్పండి. నంద్యాల నుంచి బయలుదేరే మనిషి వాషర్లు తెచ్చుకోవాలో, ఫిల్టరు తెచ్చుకోవాలో, స్కానరు తెచ్చుకోవాలో అక్కడే తేల్చుకుంటాడు.