కాగితం మీద పాదాలెందుకు పట్టవు?

ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు. మనిషి బొమ్మ గీయమంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు ముఖంతో మొదలుపెడతారు. కళ్లు, ముక్కు, మీసం బాగా కుదరాలన్న ఆశ కొద్దీ తల కాస్త పెద్దదే వస్తుంది. 4.5 సెం.మీ. అనుకుందాం. నిలబడ్డ పెద్ద మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలు. 4.5ను 7.5తో హెచ్చవేస్తే 33.75. కాగితం కన్నా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ! ఇక మిగిలేవి రెండే దారులు: పాదాలు వదిలెయ్యాలి, లేదంటే కాళ్లు కుదించాలి. కడప జిల్లా రాజుపాలెం పిల్లలైనా, ప్రొద్దుటూరు పిల్లలైనా, హైదరాబాదు పిల్లలైనా ఎక్కువమంది రెండోదే చేస్తారు. చెయ్యి తిరగలేదని మనం అంటాం గానీ అక్కడ తప్పింది లెక్క.

అదే కాగితం మీద పైనా కిందా చోటు వదిలి 24 సెం.మీ. మనిషిని గీయదలిస్తే తల 3.2 సెం.మీ. దాటకూడదు. ముందు నెత్తి దగ్గరొక గీత, పాదాల దగ్గరొక గీత, రెంటికీ నడుమ ఇంకో గీత. ఈ మూడూ పడ్డాకే తల మొదలుపెట్టాలి. నడి గీత బొడ్డు దగ్గర పడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, పంగ దగ్గర పడుతుంది. మన బొమ్మల్లో కాళ్లు పొట్టివి కావడానికి పెద్ద తల తర్వాత పెద్ద కారణం ఇదే.

ఈ ఏడున్నర ఎంతవరకు నిజం? 1966లో న్యూయార్క్ యూనివర్సిటీ తరఫున రుడాల్ఫ్స్ డ్రిల్లిస్, రెనాటో కాంటినీ మనిషి ఒంటి భాగాలను మొత్తం ఎత్తులో వంతులుగా లెక్కగట్టారు. కృత్రిమ అవయవాల తయారీ నుంచి క్రీడా శాస్త్రం దాకా ఆ లెక్క ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో గడ్డం నేల నుంచి 87 శాతం ఎత్తులో ఉంటుంది. అంటే తల వాటా 13 శాతం, మనిషి ఎత్తు 7.7 తలలు. డ్రాయింగ్ పుస్తకాలు చెప్పే ఏడున్నర దానికి దగ్గరే, గుర్తుంచుకోవడమూ సులువు. ఐదడుగుల ఐదంగుళాల మనిషిని, అంటే 165 సెం.మీ. మనిషిని తీసుకుంటే ఏడున్నర లెక్కలో తల సరిగ్గా 22 సెం.మీ. కథనం పొడవునా ఈ మనిషినే కొలుద్దాం.

మరి మన శిల్పులు నవతాళం అంటారు కదా, తొమ్మిది ఎక్కడ, ఏడున్నర ఎక్కడ అని అనుమానం వస్తుంది. రెండూ చదివిన కుర్రాళ్లు కొందరు తొమ్మిది తలల మనిషిని గీసి, అది భారతీయ పద్ధతి అంటుంటారు. 165ను తొమ్మిదితో భాగిస్తే తల 18.3 సెం.మీ. అవుతుంది. నిలువెత్తు మనిషికి పిల్లవాడి తల తగిలించినట్టుంటుంది. శిల్పశాస్త్రం చెప్పింది అది కాదు.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం తెరిచి కూడి చూడండి. 7వ శతాబ్ది ప్రాంతపు గ్రంథమని కళా చరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ అంచనా. ఆమె ఇంగ్లిషు అనువాదం 1924లో వచ్చింది. ఉత్తమ పురుషుడైన హంసుడి ఎత్తు 108 అంగుళాలు, అంటే తొమ్మిది తాళాలు. తాళానికి 12 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీదిది కాదు, బొమ్మ ఎత్తులో 108వ వంతు. నేల నుంచి చీలమండ దాకా 3, పిక్క 24, మోకాలు 3, తొడ 24: మొత్తం 54. పంగ నుంచి బొడ్డుకు 12, బొడ్డు నుంచి గుండెకు 12, గుండె నుంచి గొంతు మొదటికి 12, మెడ 4, ముఖం 12, జుట్టు మొదలైన చోటు నుంచి నడినెత్తికి 2: ఇదీ 54. నడి గీత మళ్లీ పంగ దగ్గరే పడింది చూశారా!

అసలు కీలకం ఆ చివరి రెండంగుళాలు. తాళం అంటే ముఖం, గడ్డం నుంచి జుట్టు మొదలు దాకా. తల కాదు. తల కావాలంటే ముఖం 12కు నెత్తి 2 కలిపి 14 చెయ్యాలి. 108ని 14తో భాగిస్తే 7.7. శాతాల్లో చెప్పాలంటే చిత్రసూత్రం తలకిచ్చిన వాటా 12.96, న్యూయార్క్ లెక్క ఇచ్చింది 13. పదమూడు వందల ఏళ్ల ఎడం, వేరే ఖండం, అయినా తేడా దశాంశ బిందువుకు అవతలే ఉంది. మన పూర్వులకు అన్నీ తెలుసు అని చంకలు గుద్దుకోవడానికి చెప్పడం లేదు. మోకాలిని చిత్రసూత్రం నేల నుంచి 25–28 శాతం మధ్యలో పెట్టింది. ఆధునిక కొలతలో అది 28.5. చీలమండ 2.8 శాతం దగ్గర ఉంటే అసలుది 3.9. అక్కడ పాత లెక్కే కాస్త తక్కువ. కానీ తల విషయంలో రెండు బడులూ ఒకటే చెబుతున్నాయి, కొలబద్ద పేరే వేరు.

రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ కూడా క్రీస్తు పూర్వం 1వ శతాబ్దిలో ముఖాన్ని ఎత్తులో పదో వంతు అన్నాడు, తలను ఎనిమిదో వంతు అన్నాడు. లియొనార్డో 1490 ప్రాంతంలో వృత్తంలో చేతులు చాపి నిలబెట్టిన మనిషి బొమ్మకు ఆధారం ఆయన లెక్కలే. అందులో చాపిన చేతుల వెడల్పు మనిషి ఎత్తుకు సమానం. ఇది మన పల్లెల్లో ఎవరు చెప్పరు? బారెడంటే అదే. బారకు నాలుగు మూరలు, మూరకు రెండు జానలు. ఆధునిక కొలతలో మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా 25.4 శాతం, అంటే ఇంచుమించు పావు. పూలు మూర లెక్కన అమ్మే ఆమె చేతిలో ఆమె ఎత్తులో నాలుగో వంతు ఉంటుంది. ఎనిమిదో వంతైన జాన మన 165 సెం.మీ. మనిషికి 20.6 సెం.మీ. దాదాపు ఒక తల. టేపు లేనప్పుడు ఇంతకన్నా చవకైన కొలబద్ద దొరకదు.

ఇక బొమ్మల్లో తరచు పొరపడే చోట్లు. కళ్లు తల మధ్యలో ఉంటాయి. నేల నుంచి 93.6 శాతం ఎత్తులో, నెత్తికీ గడ్డానికీ సరిగ్గా నడుమ. అయినా మనం నుదురును మరిచిపోయి కళ్లను పైకి తోసేస్తాం. చెయ్యి, అంటే మణికట్టు నుంచి వేలి కొస దాకా, 10.8 శాతం. మన మనిషికి అది 17.8 సెం.మీ. అరచెయ్యి గడ్డానికి ఆనిస్తే వేళ్లు జుట్టు దాకా పోవాలి. పాదం 15.2 శాతం, అంటే 25 సెం.మీ. తల కన్నా పొడవు! ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు. స్కేలు పెట్టి చూపించాలి. చేతులూ కాళ్లూ చిన్నవిగా గీయడం మనందరికీ అలవాటు. గీయడం కష్టం కాబట్టి ఎంత చిన్నగా గీస్తే అంత తొందరగా తప్పించుకోవచ్చని కాబోలు.

భుజాల వెడల్పు 25.9 శాతం, 43 సెంటీమీటర్ల లోపు, అంటే రెండు తలలకు కొంచెం తక్కువ. ఆండ్రూ లూమిస్ 1943లో రాసిన డ్రాయింగ్ పుస్తకంలో ఆదర్శ పురుషుడు ఎనిమిది తలల ఎత్తు, రెండుంబావు తలలకు కాస్త పైన వెడల్పు ఉంటాడు. మన మనిషిని ఆ మూసలో పోస్తే భుజాలు 48 సెం.మీ. అవుతాయి. మార్వెల్ కామిక్స్ వాళ్ల 1978 నాటి పాఠ్యపుస్తకంలో వీరుడు ఎనిమిదీ ముప్పావు తలలు. వాటిని చూసి గీసే కుర్రాడు ఊళ్లో మనిషిని గీయబోయి హీరోని గీసి వస్తాడు. ఇందులో తప్పేమీ లేదు, ఎవర్ని గీస్తున్నామో తెలిసినంతవరకు. మన ఆగమాలూ అదే పని చేశాయి: శివుడు, విష్ణువుల వంటి పెద్ద దేవుళ్లకు ఉత్తమ దశతాళం 124 అంగుళాలు, దేవేరులకు మధ్యమ దశతాళం 120, వినాయకుడికి పంచతాళం. ఎవరికి ఏ తాళమో టి.ఎ. గోపీనాథరావు ఒకచోట చేర్చి పెట్టిన పుస్తకాన్ని పురావస్తు శాఖ 1920లో ప్రచురించింది.

పిల్లల్ని గీయడంలో పెద్దల బొమ్మను చిన్నది చేస్తే చాలనుకోవడం ఇంకో పొరపాటు. అప్పుడే పుట్టిన బిడ్డ సుమారు 50 సెం.మీ., అందులో తల నాలుగో వంతు, 12.5. పెద్దయ్యేసరికి ఎత్తు మూడు రెట్లు దాటుతుంది, తల రెట్టింపు కూడా కాదు. ఏడాదికి కాస్త అటూఇటూగా నాలుగు తలలు, ఆరేడేళ్లకు ఆరు, పద్నాలుగు పదిహేనేళ్లకు ఏడు. తల అంతే ఉంచి కాళ్లు పొడవు చేస్తూ పోతే బొమ్మ వయసు పెరుగుతుంది.

కూడలి విగ్రహాల సంగతి వేరు. తొమ్మిదడుగుల విగ్రహానికి లెక్క ప్రకారం తల 14.4 అంగుళాలు. దాన్ని ఎత్తయిన దిమ్మె మీద నిలబెట్టి కింది నుంచి చూస్తే తల చిన్నదిగా కనిపిస్తుంది, అందుకని తెలిసిన శిల్పి తలను కొంచెం పెంచుతాడు. ఆ పెంచడం ఎంతో తెలియనివాళ్ల చేతిలో నాయకులు పొట్టివాళ్లయిపోతారు.

నిలబడ్డ మనిషి దాకానే ఈ లెక్కలు నేరుగా పనికొస్తాయి. కూర్చున్న మనిషికీ కొంత వస్తాయి: కూర్చున్న చోటు నుంచి నడినెత్తికి ఎత్తులో 52 శాతం, అంటే 86 సెం.మీ., నాలుగు తలలకు కాస్త తక్కువ. అరుగు మీద బాసింపట్టు వేసిన ముసలాయన నాలుగు తలలు. 44 సెం.మీ. కుర్చీ ఎక్కితే ఆరు. కానీ కాలు మన వైపు చాపాడా, తొడ పొడవు కాగితం మీద పావు వంతుకు కూడా పడిపోవచ్చు. అక్కడ శాతాలు చేతులెత్తేస్తాయి. కంటి ఎదుట పెన్సిల్ నిలువుగా పట్టుకుని కనిపించిన పొడవునే కొలవాలి, లోపల ఎముక ఎటు తిరిగిందో ఊహించాలి. నిలబడ్డ ఒంటి వంపులకు శిల్పులు బ్రహ్మసూత్రం వాడతారు: నడినెత్తి నుంచి జారవిడిచిన నిలువు గీత. నిటారుగా నిలబడే సమభంగంలో అది బొడ్డు మీదుగా రెండు చీలమండల నడుమ దిగుతుంది. మూడు వంపుల త్రిభంగంలో నడుము ఒక పక్కకు, భుజాలు ఇంకో పక్కకు ఎంత జరిగాయో ఆ గీత నుంచే కొలుస్తారు. బరువు మోసే కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే బొమ్మ కొయ్యలా నిలబడడం మానేస్తుంది. అంకెల కన్నా దీనికే ఎక్కువ సాధన కావాలి, ఇది చూసి చూసి పట్టుబడాల్సిందే.

చూడడానికి ఈ ప్రాంతంలో కరువేం లేదు. రాజుపాలేనికి ఉత్తరాన జిల్లా సరిహద్దు దాటితే నంద్యాల జిల్లా ఆళ్లగడ్డలో రాతి శిల్పుల పనిచోట్లు వరసగా ఉంటాయి. అక్కడి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఉలి పడకముందు రాయి మీద గీసే గీతలు గమనిస్తే తాళం లెక్క కళ్ల ముందే కనిపిస్తుంది. పద్ధతిగా చదవాలనుకుంటే తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది, కడపలో 2020లో వచ్చిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. మనుషుల్ని గీయడానికి మాత్రం ఏ కాలేజీ అక్కర్లేదు. రాజుపాలెం మండలంలోని వెల్లాల గుడి దగ్గరో, ప్రొద్దుటూరు బస్టాండులోనో గంటసేపు కూర్చుంటే నిలబడినవాళ్లు, చంకన బిడ్డనెత్తుకున్నవాళ్లు, గోడకు జారగిలబడినవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు.

బడుల్లో డ్రాయింగ్ చెప్పే మాస్టార్లకు ఒక మనవి. లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేసేటప్పుడు బొమ్మ చూసి బొమ్మ దింపించే ముందు ఒక్క పూట వాళ్ల చేత ఒకరినొకరు కొలిపించండి. గోడకు ఆనించి నెత్తి, గడ్డం, బొడ్డు, పంగ, మోకాలు సుద్దతో గుర్తుపెట్టించండి, శాతాలు వాళ్లనే కట్టమనండి. పదేళ్ల పిల్లలకు పెద్దల అంకెలు రావు. ఎందుకు రాలేదో వాళ్ల చేతే చెప్పించండి.