పెళ్ళికూతురికి జడా? ముడా?

పెళ్ళి కుదిరిన ఇంట్లో చీరల దగ్గర రాని తగవు జడ దగ్గర వస్తుంది. పూలజడ లేనిదే అది పెళ్ళే కాదంటారు బామ్మగారు. స్నేహితురాలు ఫోనులో ఎవరిదో బొమ్మ చూపించి, "ఇదిగో, ఇలా ముడి చుట్టించుకో" అంటుంది. తల్లి ఎటూ తేల్చుకోలేక, "ముస్తాబు చేసే ఆవిడ వస్తుందిగా, ఆవిడే చూసుకుంటుంది" అని తప్పుకుంటుంది. ఆ తల మోయవలసిన పిల్లను మాత్రం ఎవరూ అడగరు.

మా అక్క కూతురి పెళ్ళికి సరిగ్గా ఇదే జరిగింది. దానికి తోడు మరొక చిక్కు. ముహూర్తం నాలుగు నెలలుందనగా పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గిన రెండు నెలలకు, అంతా సర్దుకున్నదనుకున్నాక, దువ్వెన పెడితే చాలు జుట్టు ఉండలుగా ఊడిరావడం మొదలుపెట్టింది. పెద్ద జ్వరం తర్వాత అలా ఊడడం మామూలే, కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుందన్నారు డాక్టరుగారు. వస్తుంది సరే, ముహూర్తం అందాకా ఆగుతుందా? పెళ్ళిచూపులలో నడుము దాటిన జడను చూసి మగపెళ్ళివారు మెచ్చుకొని వెళ్ళారాయె. ఇప్పుడీ తోకజడను చూసి ఏమంటారోనని అక్క బెంగ. పిల్ల బెంగ వేరు. "పిన్నీ, పీటలమీద నలుగురిలో సవరం ఊడి ఎవరి చేతికైనా వస్తే?"

ఆ రాత్రి ముగ్గురం కూర్చొని, పెళ్ళిలో ఆ తలమీద ఏమేమి జరుగుతుందో మొదటినుంచి వరుసగా చెప్పుకున్నాం. మీరూ ముందు ఈ పని చేయండి. అందాల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తెల్లవారుజామున మంగళస్నానం. తలంటు పోసుకున్న జుట్టు ఆరడానికి వ్యవధి కావాలి. తడిజుట్టును బిగించి అల్లి, మీద పూలు కప్పితే అది రోజంతా ఆరదు. నడినెత్తి బరువెక్కి, హోమం పొగ తగిలేసరికి తలనొప్పి పట్టుకుంటుంది. ముహూర్తం పెందలాడే ఉంటే ముందురోజే తలంటి, ఆనాడు నాలుగు చుక్కలు నూనె నెత్తిన పెట్టి శాస్త్రం కానిచ్చే ఇళ్ళున్నాయి. మేమూ అదే చేశాం.

తర్వాత బాసికం. నుదుట కట్టే ఆ దారం తల చుట్టూ తిరిగి వెనక్కు పోవాలి. పాపిడిబొట్టూ, సూర్యచంద్రులూ అన్నీ ఆ నుదుటిమీదే చేరాయంటే దారానికి చోటుండదు. అటుపైన జీలకర్ర బెల్లం. పెళ్ళికొడుకు తమలపాకులో ఆ ముద్ద పెట్టి ఆనించేది సరిగ్గా నడినెత్తినే. ఈమధ్య జుట్టును అక్కడే బుట్టలా ఎత్తి దువ్వడం చాలా పెళ్ళిళ్ళలో చూస్తున్నాను. ముద్ద జారి చెవిమీద పడుతుంది, ఎత్తిన జుట్టు అణిగిపోతుంది! నడినెత్తి చదునుగా ఉండడమే మేలు.

ఇక మంగళసూత్రం. మూడు ముళ్ళూ పడేది మెడ వెనుక. ఆ వేళకు ఆడపడుచు వచ్చి జడ ఎత్తి పట్టుకుంటుంది. జడయితే ఎత్తవచ్చు, మెడమీద వాలిన పెద్ద ముడిని ఎవరు ఎత్తుతారు? దానికింద చేతులు దూర్చి ముడివేయలేక పెళ్ళికొడుకు చెమటలు కక్కడం నేను కళ్ళారా చూశాను. ముడే కావాలంటే కాస్త పైకి చుట్టించండి. తలంబ్రాలు కూడా ముడికే శత్రువులు. పసుపు బియ్యం ఆ చుట్లలోకి దిగితే మరునాటికి గాని అన్నీ బయటపడవు.

అందుకని పీటలమీదికి జడ, సాయంకాలం విందుకు ముడి అని తేల్చాం. జడ మీద మోజు మనకు ఈనాటిది కాదు గదా! కూచిపూడివారి భామాకలాపంలో సత్యభామ ముఖం చూపించకముందే తెరమీదుగా జడ వేస్తుంది. ఆ వేషానికి పేరుపొందిన వేదాంతం సత్యనారాయణశర్మగారు, 2012లో కాలం చేశారు, మగవారు. జనం కళ్ళప్పగించి చూసిన ఆ జడ కట్టుకున్నదే. ఈ మాట చెప్పేసరికి మా పిల్ల ఆ నెలలో మొదటిసారి నవ్వింది.

సవరం అనగానే నామోషీ పడవలసిందేమీ లేదు. కాని దాన్ని పెట్టే పద్ధతి ఉంది. ఉన్న జుట్టును నల్లదారంతో కుదురు దగ్గర గట్టిగా కట్టి, మూడు పాయలకూ సవరం పాయలు మూడూ కలిపి అల్లుకుంటూ పోవాలి. జుట్టంతా అల్లేసి చివర తగిలిస్తే బరువు కొసకు చేరి ఊడుతుంది. ఆ కొసకు మళ్ళీ జడగంటలు! పల్చబడిన తలకు ఇంత బరువు కడితే కణతల దగ్గర మిగిలిన నాలుగు వెంట్రుకలూ పోతాయి. మా అమ్మ బంగారు జడబిళ్ళలు పెట్టవలసిందేనని పట్టుబట్టింది. నాగరం ఒక్కటి పెట్టి మిగతావి పెట్టెలోనే ఉంచాం. రెండురోజులు మాట్లాడలేదు సుమండీ.

పూలసంగతీ తేలికైనది కాదు. అట్టమీద మల్లెమొగ్గలు కుట్టిన నిండు పూలజడ చూడముచ్చటే. కాని ఉదయం కోసిన మొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. రాత్రి ముహూర్తమయితే వరుసలన్నీ చెదిరి, ఆ పనితనమంతా పోతుంది. పైగా మల్లెలు వేసవివి. మాఘమాసపు పెళ్ళికి వాటికోసం ఊళ్ళు తిరగడం వృథా. చామంతులు దొరుకుతాయి గాని బరువు. కనకాంబరాలకు వాసన లేకపోయినా తేలిక, తొందరగా వాడవు. మరువంతో కలిపి కడితే వాసన లోటూ తీరుతుంది. మాకు అవే దొరికాయి. జడ పైసగానికి మాత్రం చుట్టి, కింద ఖాళీగా వదిలేశాం.

ఫొటోల మాట ఎవరో ఎత్తారు. వెనకటి స్టూడియోలలో పెళ్ళికూతురిని నిలువుటద్దం ముందు నిలబెట్టి ముఖమూ, జడా ఒక్క పటంలో వచ్చేలా తీసేవారు. మా అమ్మ పటం అలాంటిదే. పక్కగదిలోంచి అద్దం తెచ్చి అలాగే ఒకటి తీయించడంతో ఆవిడ అలకా తీరింది.

పెళ్ళికి వారంముందు ఒక పూట అంతా అలంకరించి, పీటమీద రెండుగంటలు కూర్చోబెట్టాం. వంగి దణ్ణాలు పెట్టించాం, మధుపర్కాలకు బదులు పాత తెల్లచీర కట్టబెట్టి చీర మార్చేప్పుడు జడ ఏమవుతుందో చూశాం. సవరం కదలలేదు. అయినా పిల్ల ముఖంలో భయం పోలేదు. చివరకు తనే అన్నది: "పిన్నీ, జడ ఎత్తేది మా ఆడపడుచే గదా. ఆవిడకు నేనే చెప్పేస్తాను."

అక్క వద్దని తల కొట్టుకున్నది. పిల్ల వినలేదు. ఫోనులో జ్వరం సంగతీ, జుట్టు సంగతీ అంతా చెప్పేసింది. అవతలి ఆవిడ కాసేపు ఊరుకొని, "బాబు పుట్టిన నాలుగు నెలలకు నాకూ ఇలాగే ఊడింది. పెళ్ళిచూపులనాడు మీరు చూసిన నా జడలో సగం సవరమేనమ్మా" అన్నదట.

పెళ్ళినాడు భజంత్రీలు మోగుతూండగా ఆవిడ వచ్చి వెనుక నిలబడింది. అక్కా నేనూ ఊపిరి బిగబట్టాం. ఆవిడ జడను కొసపట్టి లాగలేదు. కుదురు కింద అరచెయ్యి ఆనించి, పసిబిడ్డ మెడ పట్టుకున్నట్టు పట్టుకొని, మూడో ముడి పడేదాకా అలాగే ఉన్నది.