రోగితోపాటు చీటీ కూడా వెళ్లాలి

మాకు వచ్చే ప్రార్థన విన్నపాలలో ఒకే రోగి పేరు పక్కన రెండు మూడు ఆసుపత్రులు కనబడుతుంటాయి. పెనుకొండలో జ్వరానికి సూదులు వేయిస్తారు. తగ్గకపోతే హిందూపురం, అక్కడా తగ్గకపోతే బెంగళూరు. ధర్మవరం వారైతే బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రికో అనంతపురానికో వెళ్తారు. రోగి వెళ్తాడు గాని, అప్పటికే ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాడన్న సంగతి అతనితో వెళ్లదు.

అది తెలియని డాక్టరు ఇంకా బలమైన మందు మొదలుపెడతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు వారిని తప్పుపట్టలేం. కాని అలా వాడినకొద్దీ ఆ బలమైన మందుకూ లొంగని క్రిములు తయారవుతాయి, అవి పక్క మంచం మీది వారికీ సోకుతాయి.

ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చెప్పేది కల్చర్ పరీక్ష. ఫలితానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ముందే మందు పడితే రిపోర్టులో క్రిమి కనబడకపోవచ్చు. అందుకే వీలైతే శాంపిల్ ముందు, మందు తర్వాత. తీరా రిపోర్టు వచ్చేసరికి రోగి మరో ఊళ్లో ఉంటాడు!

మూడు ఊళ్ల ఆసుపత్రులూ తమ కల్చర్ ఫలితాలను ఏటా ఒకచోట చేర్చితే, ఈ ప్రాంతంలో ఏ జబ్బుకు ఏ మందు ఇంకా పనిచేస్తోందో ఒక పట్టిక తయారవుతుంది. సొంత ల్యాబ్ లేని చిన్న ఆసుపత్రికీ అది దారి చూపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే ఈ మందులను మూడు వర్గాలు చేసి, చివరి వర్గాన్ని వేరే మందేదీ పనిచేయనప్పటికి దాచమంది. కేరళ 2018లో ఇందుకు రాష్ట్ర ప్రణాళిక ప్రకటించింది. మన వైపు డాక్టర్ల మధ్య ఒక ఫోన్ కాల్‌తోనైనా మొదలుపెట్టవచ్చు.

మందుల షాపులకూ ఇందులో పాత్ర ఉంది. 2014 మార్చి నుండి అమలైన హెచ్1 షెడ్యూలు ప్రకారం, అందులోని యాంటీబయాటిక్‌లు అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. చీటీ లేకుండా ఇమ్మని అడిగేది మాత్రం మనమే. మగ్గం ఆగితే కూలి పోతుందన్న నేతగాని తొందర మాకు తెలియనిది కాదు.

ఆసుపత్రి మారేటప్పుడు డిశ్చార్జి కాగితం, వాడిన మాత్రల అట్టలు, కల్చర్ రిపోర్టు ఒక కవరులో పెట్టుకోండి. రిపోర్టు ఇంకా రాకపోతే ల్యాబ్ నంబరు కవరు మీద రాయించుకొని, కొత్త డాక్టరుకు మొదట అదే చూపించండి.