తలుపు తెరుచుకున్న తర్వాత

తప్పిపోయిన బిడ్డ ఇల్లు చేరగానే కథ కంచికి చేరుతుంది. చిన్ననాటినుంచీ మనం విన్న కథలూ, చూసిన సినిమాలూ చాలావరకు ఇలాగే ముగుస్తాయి. తల్లి పరుగున వచ్చి బిడ్డను కావలించుకుంటుంది. తండ్రి ఉత్తరీయంతో కళ్ళొత్తుకుంటాడు. ఇరుగుపొరుగువారంతా గుమిగూడుతారు. తెర పడుతుంది.

కాని ఆ మర్నాడు ఉదయం ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? కూతురి చేతికి కాఫీ గ్లాసు ఇస్తూ ఆ తల్లి ఏం మాట్లాడుతుంది? ఏ మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది? ఆ సంగతి చెప్పేవారు అరుదు.

అది చెప్పడానికే పూనుకున్న టెలివిజన్ నాటకం ఒకటి ఇంగ్లండులో వచ్చింది. పేరు 'థర్టీన్' - అంటే పదమూడు. రచయిత్రి మార్నీ డికెన్స్. బి.బి.సి. వారి మూడవ ఛానెలు 2016 ఫిబ్రవరి 16న మామూలు ప్రసారాలు మాని ఇంటర్నెట్టుకు మారింది. పన్నెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 28న, ఈ నాటకం మొదటి భాగం వెలువడింది. మొత్తం భాగాలు 5.

కథ జరిగేది బ్రిస్టల్ నగరంలో. ఒక మామూలు వీధి, మామూలు ఇళ్ళు. వాటిలో ఒక ఇంటి తలుపు మెల్లగా తెరుచుకుంటుంది. ఒక యువతి గడప దాటి, బెదురుచూపులు చూస్తూ నిలబడి, ఉన్నట్టుండి పరుగు లంకించుకుంటుంది. టెలిఫోను గది కనబడగానే అందులో దూరి పోలీసులను పిలుస్తుంది. ఆమె పేరు ఐవీ మాక్సమ్. 13వ ఏట ఒక దుర్మార్గుడు ఆమెను ఎత్తుకుపోయాడు. 13 సంవత్సరాలు నేలమాళిగలో చెర. ఇప్పుడామెకు 26. బ్రతుకులో సరిగ్గా సగం వెలుగులో, సగం చీకటిలో.

ఇల్లు చేరిన ఐవీకి అంతా మునుపటిలాగే కనబడాలని తల్లి క్రిస్టినా ఆరాటపడుతుంది. నిజానికి మునుపటిలా ఉన్నదేదీ లేదు. ఈ లోపల ఆ సంసారం చీలిపోయింది. తండ్రి ఆంగస్ ఇల్లు విడిచి వేరే ఉంటున్నాడు. అతన్ని తల్లి మళ్ళీ రప్పిస్తుంది - ఏమీ జరగనట్టు, ఎప్పుడూ కలిసే ఉన్నట్టు నటించడానికి! వెనుక చిన్నపిల్లగా ఉన్న చెల్లెలు ఎమ్మా ఇప్పుడు పెళ్ళికి సిద్ధంగా ఉన్నది. ఆనాటి స్నేహితుడు టిమ్‌కు పెళ్ళే అయిపోయింది. ఆ మాట ఐవీతో చెప్పడానికి అతనికి నోరు రాదు.

అందరూ అబద్ధమాడుతున్నారు. అందరూ ప్రేమతోనే ఆడుతున్నారు. ఈ నాటకంలోని గొప్ప విషయం ఇదే. వాళ్ళకు కావలసినది 13 ఏళ్ళ పిల్ల. వచ్చినది 26 ఏళ్ళ స్త్రీ. ఎత్తుకుపోయినవాడు ఆమె కాలాన్ని ఆపివేశాడు. ప్రేమించినవారూ తమకు తెలియకుండా అదే పని చేస్తున్నారు! గది మారింది, మనుషులు మారారు. కాని ఆమె ఎలా ఉండాలో ఇప్పటికీ మరొకరే నిర్ణయిస్తున్నారు.

ఇది చాలనట్టు, పోలీసుల ప్రశ్నలు వేరే. నేరస్థుడు ఇంకా దొరకలేదు. ఇంతలో మరొక చిన్నపిల్ల మాయమైంది. ఐవీ చెప్పే ప్రతి మాటా ఇప్పుడు అవసరమే. కాని ఆమె అన్నీ చెప్పదు. చెప్పినవాటికి పొంతన కుదరదు. దర్యాప్తు చేస్తున్న ఇద్దరు అధికారులలో ఎలియట్ కార్న్ ఆమెపట్ల జాలి చూపుతాడు. లీసా మర్చెంట్ అనుమానిస్తుంది. చెరనుంచి వచ్చిన ఆడదానిని ముందు ఓదార్చాలా, ముందు ప్రశ్నించాలా? రామాయణం విని పెరిగిన మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎత్తుకుపోయినవాడి తప్పుకు తిరిగివచ్చినది సంజాయిషీ చెప్పుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఇదంతా రచయిత్రి ఊహేనా అంటే, లోకంలో నిజంగా జరిగినవీ ఉన్నాయి. ఆస్ట్రియా దేశంలో నటాషా కంపుష్ అనే పదేళ్ళ బాలికను 1998లో బడికి వెళ్ళే దారిలో ఎత్తుకుపోయారు. నేలమాళిగలో ఎనిమిదేళ్ళకు పైగా గడిపి, 2006 ఆగస్టులో ఆమె తప్పించుకు వచ్చింది. అప్పటికామెకు 18. తర్వాత తన కథను తానే గ్రంథంగా వెలువరించింది. పేరు '3096 రోజులు' - లెక్కపెట్టుకున్న చెర అన్నమాట! మొదట అయ్యోపాపమన్న లోకమే, ఆమె తాము ఊహించినట్టు ఏడవకపోయేసరికి, ఆమె మాటలను శంకించింది. బంధించినవాడి విషయంలో ఆమె మనస్సుకు ఏదో జబ్బు పేరు తగిలించింది. ఆమె దానికి ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి ఒక్క మనిషి ముఖమే చూసి బ్రతికినవారి మనస్సు మన కొలతలకు లొంగదు.

ఐవీగా నటించిన జోడీ కోమర్‌కు అప్పటికి 22 ఏళ్ళు. ఆమె మాటలకన్నా మౌనమే ఎక్కువ పలికింది. ఒళ్ళు పెద్దదైనా చూపు పసిపిల్లదే అనిపించడం సామాన్యమైన విద్య కాదు. ఈ పాత్రకు 2017లో బాఫ్టా ఉత్తమ నటి బహుమతికి ఆమె పేరు పోటీలో నిలిచింది. అదే బహుమతిని 2019లో 'కిల్లింగ్ ఈవ్' ధారావాహికకు గెలుచుకున్నది.

లోపం లేకపోలేదు. కథ పోనుపోను పోలీసుల వేట ఎక్కువై, ఇంటిలోని కథ వెనుకబడుతుంది. నేరస్థుడు దొరుకుతాడా అన్న ఆదుర్దా కన్నా, భోజనాల బల్ల దగ్గర నలుగురూ మాటలు వెతుక్కునే ఘట్టాలే మనస్సులో నిలుస్తాయి. ముగింపు ఇక్కడ చెప్పడం చూడబోయేవారికి అన్యాయం.

పెద్ద కష్టం అనుభవించి ఇల్లు చేరినవారు మన కుటుంబాలలోనూ ఉంటారు. అత్తవారింట నలిగి వచ్చిన ఆడపడుచు కావచ్చు. ఊరుకాని ఊరిలో మోసపోయి వచ్చిన పిల్లవాడు కావచ్చు. "జరిగిందేదో జరిగింది, మునుపటిలా ఉండు" అంటాం. మంచి మనస్సుతోనే అంటాం. కాని మునుపటి మనిషి రారు. వచ్చిన మనిషిని కొత్తగా పరిచయం చేసుకోవాలి. వారు చెప్పినప్పుడు వినాలి, చెప్పనప్పుడు ఊరుకోవాలి. వారి గది గడియ వారి చేతిలోనే ఉండనివ్వాలి.

వీధితలుపు తెరుచుకుని ఐవీ బయటికి పరుగెత్తడానికి కొన్ని క్షణాలు పట్టింది. ఇంటి తలుపు దాటి లోపలికి రావడానికి, అయిదు భాగాలూ చాలలేదు.