బొటనవేలు విరిగితే ఏం చేయాలి?

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలవారు ఎందరో పనికోసం వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు సుత్తి పట్టాలన్నా, స్పానరు తిప్పాలన్నా బొటనవేలు కావాలి. మీరు కలం పట్టడానికీ అదే కావాలి. మిగిలిన నాలుగు వేళ్లకు ఎదురుగా వచ్చి వస్తువును బిగించి పట్టేది బొటనవేలే. అందుకే దానికి తగిలిన దెబ్బను తేలికగా తీసుకోకూడదు.

నిర్మాణం

తక్కిన వేళ్లలో మూడేసి ఎముకలుంటాయి. బొటనవేలిలో రెండే ఉంటాయి. వాటి కింద, అరచేతిలో మరో ఎముక ఉంది. అది మణికట్టుతో కలిసేచోట కీలు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. అందువల్ల బొటనవేలు అన్నివైపులకూ తిరగగలదు.

ఎలా గుర్తించాలి?

సుత్తి దెబ్బ తగిలినా, వేలు తలుపు సందులో నలిగినా, చేయి ఆనించి పడినా ఎముక విరగవచ్చు. నొప్పి, వాపు, కమిలిన రంగు, వంకర దీని గుర్తులు. "వేలు కదులుతోంది, కాబట్టి విరగలేదు" అని చాలామంది అనుకుంటారు. ఇది సరికాదు. ఎముక విరిగినా వేలు కొంత కదలవచ్చు. ఎక్స్-రే తీస్తేనే సంగతి తెలుస్తుంది.

డబ్లిన్ నగర వైద్యుడు బెన్నెట్ 1882లో ఒక రకం విరుపును వివరించాడు. ఇందులో బొటనవేలి మొదట, కీలు లోపల ఎముక విరుగుతుంది. చిన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. పెద్ద ముక్కను కండరం పక్కకు లాగేస్తుంది. సరిచేయకపోతే కీలు అరిగి, పట్టు తగ్గిపోతుంది.

ప్రథమ చికిత్స

1. వాపు పెరగకముందే ఉంగరాలు తీసివేయాలి.
2. గుడ్డలో చుట్టిన మంచుముక్కలు 15 నిమిషాలు ఉంచాలి.
3. వేలిని కదలకుండా ఉంచి, చేతిని గుండెకంటే ఎత్తులో పెట్టాలి.
4. మర్దన చేయకూడదు, వేలిని లాగకూడదు.
5. గాయమైతే శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ధనుర్వాతం సూది అవసరమేమో అడగాలి.

చికిత్స

ముక్కలు కదలకపోతే సాధారణంగా 4 నుంచి 6 వారాలు పిండికట్టు వేస్తారు. పక్కకు జరిగితే ముక్కలను సరిచేసి, అవసరమైతే సన్నని తీగలు గుచ్చి నిలుపుతారు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తక్కువ. అయితే ఎవరు కట్టినా, ఎముక ఎక్కడ విరిగిందో తెలుసుకోకుండా కట్టు వేయించుకోకూడదు. కట్టు బిగువైతే రక్తం ఆడదు. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపాలి.

కట్టు విప్పాక వేలు బిగుసుకుపోయి ఉంటుంది. వైద్యుడు చెప్పిన తరువాత బొటనవేలి కొనతో మిగతా నాలుగు వేళ్ల కొనలను ఒక్కొక్కటిగా తాకుతూ రోజూ సాధన చేయాలి. పట్టు క్రమంగా తిరిగి వస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బొటనవేలు అన్నివైపులకూ ఎందుకు తిరగగలదు?
2. వేలు కదిలినా ఎక్స్-రే ఎందుకు తీయించాలి?
3. కట్టు బిగువైందని ఎలా తెలుస్తుంది?