గాలికి నోరు తెరిచిన గొట్టం

దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణ విమానం ఎక్కబోయే క్యాడెట్ ముందు దాని చుట్టూ తిరిగి చూసుకోవాలి. టైర్లు, రెక్కల అంచులు, ఇంధనం మూతలు. వాటితోపాటు ముందుకు పొడుచుకొచ్చిన ఒక సన్నటి గొట్టం. దానికి తొడిగిన ఎర్రపట్టీ తొడుగు తీశారా, చివరి రంధ్రంలో మన్నూ పురుగూ లేవు కదా అని చూడాలి. దాని పేరు పీటో ట్యూబ్. విమానం కంటే వయసులో 170 ఏళ్లు పెద్దది. అది పుట్టింది గాలి కోసం కాదు, ఏటి నీళ్ల కోసం.

ఆన్రీ పీటో 1695లో దక్షిణ ఫ్రాన్స్‌లోని అరమోన్‌లో పుట్టాడు. చిన్నప్పుడు చదువు అబ్బలేదు. కొన్నాళ్లు సైన్యంలో ఉన్నాడు. ఆ రోజుల్లో గ్రెనోబుల్ పుస్తకాల కొట్లో ఓ జ్యామితి పుస్తకం చేతికి దొరికింది. దాంతో లెక్కల మీద మనసు పడి, పారిస్ చేరి, శాస్త్రవేత్త రెయోమూర్ దగ్గర సహాయకుడయ్యాడు. ఏటి అడుక్కి పోయేకొద్దీ నీటి వేగం పెరుగుతుందని అప్పటి పండితులు రాసుకున్నారు. పీటో నమ్మలేదు. ఒక నిటారు గాజు గొట్టం, పక్కనే కింద మొన వంచి ప్రవాహానికి ఎదురుగా పెట్టిన మరో గొట్టం. రెంటినీ కొయ్యకు బిగించి సెన్ నదిలో దించాడు. ఎదురు తిరిగిన గొట్టంలోకి దూసుకొచ్చిన నీరు పోయే దారి లేక పైకి లేచింది. ఎంత లేచిందో దాన్ని బట్టి ప్రవాహం ఎంత వడిగా ఉందో తేలుతుంది. అడుక్కి పోయేకొద్దీ వేగం పెరగలేదు, తగ్గింది. 1732 నవంబరులో ఈ సంగతి ఫ్రెంచి సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. అన్నేళ్ల పండితుల మాటని రెండు గాజు గొట్టాలు తప్పని తేల్చాయి. నాకు పీటో మీద గౌరవమంతా అక్కడే.

సెకనుకు 1 మీటరు వేగంతో పారే నీరు ఆ గొట్టంలో సుమారు 5 సెంటీమీటర్లు లేస్తుంది. వేగం రెట్టింపైతే ఎత్తు నాలుగు రెట్లు, అంటే 20 సెంటీమీటర్లు. గాలి నీటికంటే దాదాపు 800 రెట్లు తేలిక. కాబట్టి గాలి అదే 5 సెంటీమీటర్ల నీటిని లేపాలంటే సుమారు 28 రెట్ల వేగం కావాలి. అంటే గంటకు 100 కిలోమీటర్లు. మెల్లగా పారే ఏరూ, రన్‌వే మీద పరుగందుకుంటున్న విమానమూ ఈ గొట్టానికి ఒకటే!

1738లో డేనియల్ బెర్నూలీ పుస్తకం ‘హైడ్రోడైనమికా’ వేగానికీ ఒత్తిడికీ ఉన్న సంబంధానికి లెక్క కట్టింది. అయితే గొట్టాన్ని నమ్మదగ్గ పరికరంగా మార్చినవాడు ఆన్రీ డార్సీ. తన ఊరు డిజోన్‌కు మంచినీళ్లు తెచ్చిన ఇంజనీరు. మన బోరుబావుల్లోకి భూగర్భజలం ఎంత ఊరుతుందో లెక్కగట్టే సూత్రం ఈయనదే. సెన్‌లో పీటో గొట్టపు నీటిమట్టం ఒకచోట నిలవకుండా ఊగిసలాడేది. డార్సీ రంధ్రాన్ని సన్నం చేసి, గొట్టానికి మర బిగించాడు. మర తిప్పితే మట్టం అలాగే ఆగిపోతుంది, తీరిగ్గా చదువుకోవచ్చు. 1858లో చనిపోయేదాకా దాన్ని మెరుగు పరుస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు మళ్లీ దుండిగల్ అకాడమీకి వద్దాం. 2013 నుంచి ఇక్కడ కొత్త క్యాడెట్లు పిలాటస్ పీసీ-7 విమానాల మీద నేర్చుకుంటున్నారు. దుండిగల్ సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటితే గాలి పలచబడుతుంది. విమానం నిజంగా 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, గొట్టానికి కలిపిన వేగం మీటరు 185 దగ్గరే ఉంటుంది. ఇది లోపం అనుకోకండి. పీటో ట్యూబ్ కొలిచేది గాలి తోపుని. రెక్కను లేపేదీ ఆ తోపే. పలచటి గాలిలో రెక్కకు బలం తగ్గితే మీటరూ అంతే తగ్గించి చూపిస్తుంది. అందుకే ఏ వేగం దాటి కిందికి రాకూడదో క్యాడెట్ ఒకే అంకె గుర్తు పెట్టుకుంటే, అదే బరువుకి చలికాలమైనా ఎండాకాలమైనా సరిపోతుంది.

రంధ్రం మూసుకుపోతే మాత్రం ఆ అంకె ప్రాణం మీదికి తెస్తుంది. మన కిటికీ చట్రాలకు మట్టి గూళ్లు కట్టే కందిరీగ లాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి, వాటికి ఇలాంటి సన్నటి బొరియలంటే ఇష్టం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో లేచిన ఒక బోయింగ్ 757 సముద్రంలో కూలి 189 మంది పోయారు. తొడుగు లేకుండా రోజుల తరబడి నిలిపి ఉంచిన ఆ విమానం గొట్టంలో అలాంటి పురుగు గూడు కట్టిందని దర్యాప్తు చేసినవాళ్ల అనుమానం. గొట్టంలో గాలి బందీ అయిపోతే, విమానం పైకి పోయేకొద్దీ లోపలి ఒత్తిడితో పోలిస్తే బయటి ఒత్తిడి తగ్గి, మీటరు లేని వేగాన్ని చూపిస్తుంది. ఎక్కువైందనుకుని పైలట్ వేగం తగ్గిస్తాడు. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం గొట్టాలను మూసింది మంచు. అది కూలి 228 మంది పోయారు. మంచు పట్టకుండా గొట్టాన్ని కరెంటుతో వేడిచేసే ఏర్పాటు దానికి ఉన్నా, ఆ రోజు అది చాలలేదు.

అందుకే రన్‌వే మీద పరుగు మొదలుపెట్టగానే పైలట్ చూడవలసిన వాటిలో వేగం మీటరు ఒకటి. అది కదలకపోతే గాలిలోకి లేవకూడదు. బ్రేకు వేసి, వెనక్కి తెచ్చి, గొట్టం విప్పి చూడాలి.