బడి మంచిచెడ్డలను లెక్కలలో చదువుట

ఎండలు ముదిరి పదవ తరగతి ఫలితములు వెలువడు దినములలో మన యిండ్లయందు జరుగు ఆలోచనలలో ముఖ్యమైనది, పిల్లలను ఏ బడిలో చేర్పవలె ననునది. కంకిపాటినుండి బెజవాడవైపునకు పోవు బస్సులు పెక్కు. దారి పొడవున బడులును పెక్కు. ఫీజులకొరకు కొందరు మెడలోని గొలుసు కుదువబెట్టుచున్నారు. మరికొందరు మగపిల్లవానిని డబ్బు కట్టు బడికిని, ఆడపిల్లను ఊరిబడికిని పంపుచున్నారు. ఇంత సొమ్మును, ఇంత బాల్యమును ఒడ్డి చేయు నిర్ణయమునకు తరచుగా ఆధారము ఒక్క మాటయే: "అక్కడ నూటికి నూరుమంది ప్యాసయిరట!" సంతలో వంకాయను సైతము త్రిప్పి చూచి కొనువారము, ఈ మాటను మాత్రము త్రిప్పి చూడవలదా?

మొదట, ఆ యేటి పరీక్ష యెట్టిదో చూడవలెను. మన రాష్ట్రమున 2024లో నూటికి నూరు తెచ్చుకొన్న బడులు 2,803. 2025లో అవి 1,680. ఒక్క యేటిలో వేయికిపైగా బడులు చెడిపోయినవని యెంచరాదు. రాష్ట్రపు ఉత్తీర్ణతయే 86.69 నుండి 81.14కు దిగినది. అంతకు ముందు 2019లో నూటికి 94.88 మంది గెలిచిరి. 2020, 2021లలో కోవిడ్ వలన పరీక్షలు జరుగలేదు. 2022లో ఉత్తీర్ణులు 67.26 మందియే. కనుక ఒక బడి ఫలితమును ఆ యేటి రాష్ట్రపు ఫలితముతో పోల్చవలెను. అదియు ఒక్క యేటిది చాలదు, మూడేండ్లది కావలెను.

రెండవది, ఎందరిలో నూటికి నూరు? ఇరువదిమంది వ్రాసిన బడిలో ఒక్క బిడ్డకు జ్వరము వచ్చి తప్పినచో నూటికి అయిదు తగ్గును. రెండువందలమంది వ్రాసినచోట అదే తప్పు అరపాలు మాత్రమే. మఱియు ఎనిమిదవ తరగతిలో అరువదిమంది యుండి పదవ పరీక్షకు నలువదిమందియే కూర్చుండినచో, ఆ యిరువదిమంది యేమైరని అడుగుడు. చదువు వెనుకబడిన పిల్లను ముందుగనే పంపివేసి మిగిలినవారితో నూరు చూపుట ఘనత కాదు.

మూడవది, ఎట్టి పిల్లలను చేర్చుకొనిరి? కాలువ తలాపున నున్న చేను పండిన దని రైతును మెచ్చుకొనుట సులభము. నీరందని శివారు చేనిలో పంట తీసినవాడే నేర్పరి. ప్రవేశపరీక్ష పెట్టి పిల్లలను ఏరుకొను బడికిని, వచ్చిన ప్రతిబిడ్డను చేర్చుకొను జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలకును ఒకే కొలత పెట్టుట న్యాయము కాదు. ఇంగ్లండులో 1992 నుండి బడుల ఫలితములను పట్టికలుగా ప్రకటించుచు వచ్చిరి. ఈ లోపమును గుర్తించి, ప్రాథమికవిద్య ముగియునాటికి ఒకే స్థితిలో నున్న పిల్లలు తరువాత ఎంత యెదిగిరో పోల్చు కొలతను 2016లో తెచ్చిరి. మనచోట కూడ చేరునప్పటి స్థితిని చూడనిదే బడి పుణ్యమెంతో తెలియదు. గిరిజనులు విశేషముగా గల పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 మూడేండ్లును రాష్ట్రమున ప్రథమస్థానము పొందినదన్న సంగతి, ధనము గలచోటనే చదువు గలదను మన నమ్మకమును సవరింపవలెను.

నాల్గవది, ప్యాసగుట వేరు, బాగుగ చదువుట వేరు. ముప్పదియైదు మార్కులతో గట్టెక్కినవారును, తొంబది తెచ్చుకొన్నవారును ఆ నూటిలో ఒక్కటిగనే లెక్కకు వత్తురు. 2025లో నూటికి 65.36 మంది ప్రథమశ్రేణిలోను, 10.69 మంది ద్వితీయశ్రేణిలోను, 5.09 మంది తృతీయశ్రేణిలోను నిలిచిరి. మీరు విచారించు బడిలో ఈ మూడు భాగము లెట్లున్నవో అడిగి తెలిసికొనుడు. ఒక్క పిల్లవాని మొదటి మార్కును బట్టి తక్కిన తరగతిని ఊహింపరాదు. ఇట్టి భ్రమలకు తావీయరాదనియే కాబోలు, పదవ తరగతి ర్యాంకుల ప్రకటనలను 2022లో ప్రభుత్వము నిషేధించినది.

జిల్లా లెక్కలు చూచువా రొక సంగతి మఱవరాదు. 2022 ఏప్రిల్ 4 వరకు బెజవాడ మన కృష్ణాజిల్లాలోనిదే. ఆనాడు అది ఎన్టీఆర్ జిల్లాలోనికి పోగా, కంకిపాడు కృష్ణాజిల్లాలో మిగిలినది. నాటి కృష్ణ వేరు, నేటి కృష్ణ వేరు. రెంటిని పోల్చి పెరిగితిమి, తరిగితిమి యనుట పొరపాటు.

ఇక ఫలితములు చెప్పని సంగతులు. దేశములోని ప్రతి బడికిని యూడైస్ అను పదునొకండు అంకెల సంఖ్య కలదు; మన రాష్ట్రపు బడుల సంఖ్య 28తో మొదలగును. చేతిలోని ఫోనులోనే ఆ బడి వివరములు చూడవచ్చును: ఏ తరగతిలో ఎందరు, ఉపాధ్యాయు లెందరు, గదు లెన్ని, ఆడపిల్లలకు మరుగుదొడ్లు కలవా, గ్రంథాలయము కలదా? 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు ఎనిమిది వరకు ముప్పదియైదుగురికి ఒక ఉపాధ్యాయుడు కావలెననియు, గణిత విజ్ఞానములకు, సాంఘికమునకు, భాషలకు వేర్వేరుగ ఉపాధ్యాయు లుండవలెననియు చెప్పుచున్నది. అయితే ఆ లెక్కలు బడివారు తామే వ్రాసి యిచ్చునవి. దొడ్డి కలదని కాగితమున నుండి తాళము వేసియున్నచో బిడ్డకు ప్రయోజన మేమి? కావున లెక్క చదివి, పిమ్మట బడికి పోయి కంట చూడవలెను. ఉపాధ్యాయుని యింట కాపురము చేయుదానను గనుక చెప్పుచున్నాను: ప్రశ్నించు తల్లిని చూచి మంచి ఉపాధ్యాయుడు విసుగుకొనడు, సంతోషించును.

కడపట నొక మాట. 2025లో బాలికలు నూటికి 84.09 మంది, బాలురు 78.31 మంది ఉత్తీర్ణులైరి. 2022, 2023, 2024లలోను బాలికలదే పైచేయి. ఇంత గెలుచు బిడ్డకు బడి యెంచునప్పుడు "ఆడపిల్లకు ఏదైన నేమి" యనుట యే లెక్కకును నిలువదు. ఆ చట్టమే ప్రభుత్వపాఠశాలల యాజమాన్యసంఘములలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులును, మొత్తము సభ్యులలో సగము స్త్రీలును ఉండవలెనని విధించినది. ఆ సగము చోట్లు మనవే. అందు కూర్చుండి పేరునకు సంతకము చేసి వచ్చుట మాని, పై ప్రశ్నలను అడుగుదము.